ముప్పై గంటలకు ఒక క్రెడిట్

తిరుపతిలో ఏ పనిలో ఉన్నవారికైనా ఏడాది రద్దీని బట్టి నడుస్తుంది. వేసవి సెలవుల్లో కొండకు వచ్చే జనం, మే నెలలో గంగమ్మ జాతర, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బ్రహ్మోత్సవాలు, డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో వైకుంఠ ఏకాదశి. లాడ్జి కౌంటరులో కూర్చునే గుమాస్తాకు, ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే డ్రైవరుకు, ఆసుపత్రిలో షిఫ్టులు మారే నర్సుకు ఇవి సెలవు అడగడానికి కూడా వీల్లేని రోజులు. చిత్తూరు వైపు వెళ్తే లెక్క మామిడిది. తోతాపురి కోతకు వచ్చే జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీలోనూ మండీలోనూ పనిచేసేవారికి రాత్రీ పగలూ తేడా ఉండదు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అని పిలిచేది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడుతుంది. ఒకటి జూన్‌లో, రెండోది డిసెంబరులో. పని చేస్తూ మళ్లీ చదువు పట్టుకునేవారికి రెండూ రద్దీ నెలలే.

ఎప్పుడో మధ్యలో ఆపేసిన డిగ్రీని ముప్పై అయిదేళ్లకో నలభై ఏళ్లకో మళ్లీ పట్టుకునేవారు పరీక్ష తప్పితే "ఈ వయసులో బుర్రకు ఎక్కడం లేదు" అనేస్తారు. చుట్టుపక్కలవారూ తలూపుతారు. చాలా సందర్భాల్లో ఆ మాట తప్పు. దెబ్బతిన్నది గంటల లెక్క. ఆ తర్వాత దెబ్బతిన్నది, తెలిసిన సంగతిని పరీక్ష అడిగే రూపంలో కాగితం మీద పెట్టే అలవాటు. ఈ రెండూ సరిచేసుకోదగినవే.

క్రెడిట్ అనే మాట ఇప్పుడు ప్రతి ప్రాస్పెక్టస్‌లో కనిపిస్తుంది. దాన్ని మార్కుల్లాంటిదేదో అనుకుని దాటేసేవారే ఎక్కువ. నిజానికి అది కాలానికి కొలత. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టవలసిన ముప్పై గంటల చదువు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం కూడా ఇదే కొలతను తీసుకుని ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు అని చెప్పింది. పుస్తకం చదవడం, పాఠం వినడం, అసైన్‌మెంటు రాయడం అన్నీ ఆ గంటల్లోనే. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే 3,600 గంటలు. వాటిని మూడేళ్లకు పంచితే ఒక్క రోజు కూడా మానకుండా రోజుకు మూడుంపావు గంటలకు పైగా కూర్చోవాలి. ఎనిమిది గంటల డ్యూటీ, రాకపోకలు, ఇంటి పని ఉన్న మనిషికి ఇది సాధ్యం కాదు, కాలేదని బాధపడవలసిన పనీ లేదు. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోగా ముగించుకునే వీలు ఇగ్నో ఇస్తుంది. అవే 3,600 గంటలను ఆరేళ్లకు పంచితే రోజుకు గంటా నలభై నిమిషాలు. ఇది ఎవరికైనా అందే అంకె.

పెద్దవయసులో చేరేవారు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. పోయిన ఏళ్లను తొందరగా రాబట్టుకోవాలన్న ఆత్రంలో ఒకే జూన్‌కు ఆరు పేపర్లకు పరీక్ష ఫీజు కట్టేస్తారు. నాలుగు క్రెడిట్ల పేపరు ఒక్కటే 120 గంటలు. ఆరు పేపర్లంటే 720. జనవరి నుంచి మే చివరి దాకా ఉన్న 150 రోజుల్లో అది రోజుకు దాదాపు అయిదు గంటల చదువు. చేతిలో నిజంగా ఉన్నది రోజుకు గంటన్నర అయితే మొత్తం 225 గంటలు. అవి కష్టం మీద రెండు పేపర్లకు సరిపోతాయి. ఆరింటికి కట్టి అయిదింటిలో తప్పడం కంటే రెండింటికి కట్టి రెండూ పాసవడం మేలు. ఏడాదికి రిజిస్టరైన పేపర్లన్నీ ఆ ఏడాదే రాసితీరాలన్న నిబంధన లేనప్పుడు ఈ తొందర ఎందుకు? ఆరు పేపర్లకు చదివి అలసిపోయి, ఫలితాలు చూసి చదువే మానేసే మనిషి పోగొట్టుకునేది ఫీజు డబ్బుతో పోదు.

తిరుపతికి విద్యాసంస్థల కొరత లేదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ ఈ ఊరికి వచ్చాయి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇన్ని ఉన్నా రాత్రి షిఫ్టు చేసే మనిషికి పగటి తరగతి గది అందదు కాబట్టి దూరవిద్య, ఆన్‌లైన్ దారులే మిగులుతాయి. ఇంటర్ కూడా పూర్తికానివారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. అక్కడ ఒకసారి చేరితే అయిదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పాత బోర్డులో పాసైన సబ్జెక్టులను రెండింటి వరకు బదిలీ చేసుకోవచ్చు. డిగ్రీలో ఉన్నవారికి 2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ఉంది. విద్యార్థి చదువుతున్న సంస్థ ఒప్పుకుంటే ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేయవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు చెబుతున్నాయి. అదే ఏడాది వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ సంపాదించిన క్రెడిట్లను గరిష్ఠంగా ఏడేళ్లు నిలవ ఉంచుతుంది. ఎప్పుడో 2008లో ఆగిపోయిన డిగ్రీ పేపర్లు ఆ బ్యాంకులో కనిపిస్తాయని ఆశపడకూడదు. వాటి సంగతి చదివిన విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలోనే, పాత మార్కుల జాబితాలు చేత్తో పట్టుకువెళ్లి అడగాలి.

అమెరికాలో బంధువులున్న ఇళ్లలో 'క్లెప్' అనే మాట వినిపిస్తుంటుంది. అక్కడ 1967 నుంచి నడుస్తున్న పరీక్షలవి. 34 సబ్జెక్టుల్లో ఉంటాయి. తరగతికి వెళ్లకుండానే పరీక్ష ఒక్కటి రాసి, 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో సాధారణంగా 50 తెచ్చుకుంటే చాలా కళాశాలలు క్రెడిట్ ఇస్తాయి. బయట నేర్చుకున్నదానికి విలువ కట్టే మంచి ఏర్పాటే. మన దారుల్లో మాత్రం పరీక్ష ఒక్కటే సరిపోదు, మధ్యలో చేసిన పనికీ మార్కులుంటాయి. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సు తీసుకుంటే వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివర కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. మొదటిదానిలో 10, రెండోదానిలో 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 60 వచ్చినా అసైన్‌మెంట్లలో 8 మాత్రమే ఉంటే సర్టిఫికెట్ రాదు. రద్దీ వారాల్లో అసైన్‌మెంట్లు వదిలేసి చివర్లో పరీక్షతో పూడ్చుకుందామనుకునేవారిని ఈ చిన్న నిబంధనే దెబ్బతీస్తుంది. పన్నెండు వారాల కోర్సులో అత్యుత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే నాలుగు వారాలు తప్పినా ఫరవాలేదు, అయిదో వారం నుంచి మాత్రం నష్టం మొదలవుతుంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఆ నాలుగు వారాల్లో ఇమిడిపోతాయి.

ఇక బుర్ర సంగతి. అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయీ 1956లో మొదలుపెట్టిన అధ్యయనం అవే మనుషులను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ పరీక్షించింది. వయసుతో ముందుగా తగ్గేది వేగం. పదాల అర్థం, భాష మీద పట్టు నడివయసు దాకా పెరుగుతూ, ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచే ఉన్నాయి. పరీక్షకు ఇది నేరుగా పనికివచ్చే విషయం. ఇరవై ఏళ్ల విద్యార్థి పది పాయింట్లను ఒక సాయంత్రం బట్టీపట్టగలడు. నలభై ఏళ్ల మనిషికి అంత వేగం ఉండకపోవచ్చు. కానీ అదే పాఠంలో కారణం ఏది, ఫలితం ఏది అన్నది ఆ మనిషికి త్వరగా తోస్తుంది, ఎందుకంటే జీవితంలో దాన్ని ఎక్కడో చూసి ఉంటారు.

చూసినదంతా మార్కులుగా మారదు. అసలు చిక్కు అక్కడుంది. మామిడి మండీలో పదేళ్లు లెక్కలు రాసిన మనిషిని "కాపు విరగకాసిన ఏడాది రైతు ఎందుకు నష్టపోతాడు?" అని అడిగితే అరగంట చెబుతాడు. అదే మనిషికి అర్థశాస్త్రం పేపరులో "డిమాండు వ్యాకోచత్వాన్ని నిర్వచించి, రకాలను వివరించండి" అన్న ప్రశ్న వస్తే కలం కదలదు. రెండూ ఒకే సంగతి. ఉదాహరణకు కిలో ఇరవై రూపాయలు పలికేటప్పుడు 100 టన్నులు అమ్ముడయ్యే చోట, సరకు పోటెత్తి ధర పదహారుకు పడితే 110 టన్నులు అమ్ముడయ్యాయనుకుందాం. ధర 20 శాతం తగ్గింది, కొనుగోలు 10 శాతమే పెరిగింది. పదిని ఇరవైతో భాగిస్తే 0.5, ఇదే వ్యాకోచత్వం. ఒకటి కంటే తక్కువ కాబట్టి దీన్ని పుస్తకం సాపేక్ష అవ్యాకోచ డిమాండు అంటుంది. రాబడి ఇరవై లక్షల నుంచి పదిహేడు లక్షల అరవై వేలకు దిగింది. సరకు ఎక్కువ పోయింది, డబ్బు తక్కువ వచ్చింది. మండీ గుమాస్తాకు ఈ సంగతి ఏళ్ల తరబడి తెలుసు. లేనిది ఆ పేరు, ఆ భాగహారం, పక్కన గీయవలసిన పటం.

అందువల్ల పెద్దవారి చదువులో మొదటి పని అనువదించుకోవడం. ప్రతి పాఠానికీ తన పనిలోంచి ఒక ఉదాహరణ వెతుక్కుని, దాన్ని పుస్తకం మాటల్లో తిరిగి చెప్పాలి. నర్సుకు గణాంకశాస్త్రంలో సగటు, మధ్యగతం వార్డులోని జ్వరం చార్టులో దొరుకుతాయి. బస్సు డిపోలో పనిచేసేవారికి వాణిజ్యశాస్త్రంలో తరుగుదల అంటే ఏమిటో బస్సును చూస్తేనే తెలుస్తుంది. ఉదాహరణ సొంతమైతే పాఠం గుర్తుంటుంది. అయితే జవాబు పత్రంలో ఉదాహరణ ఒక్కటే రాసి నిర్వచనం, సూత్రం వదిలేస్తే దిద్దేవారు మార్కులు వేయరు. ముందు పుస్తకం మాట, తర్వాత సొంత ఉదాహరణ అన్న వరుస అలవాటు కావాలి.

రెండో పని, చదివినదాన్ని పుస్తకం మూసి రాయడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చి చూశారు. కొందరు దాన్ని నాలుగుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవారే ముందున్నారు: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత వరుస తిరగబడింది. చదివినవారికి 40 శాతం గుర్తుంటే, రాసినవారికి 61 శాతం గుర్తుంది. డ్యూటీ దిగి వచ్చి రాత్రి పదకొండుకు పుస్తకం తెరిచే మనిషి చేసేది సాధారణంగా మొదటి పనే. కింద గీతలు గీసుకున్న పాఠాన్ని మళ్లీ చదువుతారు, అంతా తెలిసినట్టే ఉంటుంది, తృప్తిగా నిద్రపోతారు. ఆ తృప్తి అయిదు నిమిషాల నాటిది. పరీక్ష వారాల తర్వాత వస్తుంది.

దీనికి కావలసింది ఒక లాంగ్ నోటు పుస్తకం, నలుపు, ఎరుపు కలాలు. రాష్ట్రపతి ఎన్నిక పాఠం చదివి, పుస్తకం మూసి, ఎడమ పేజీలో గుర్తున్నంతా నల్ల ఇంకుతో రాయాలి. మొదటిసారి సాధారణంగా వచ్చేది ఇంతే: "ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటు వేస్తారు. రహస్య ఓటింగు. అయిదేళ్ల పదవి." అప్పుడు పుస్తకం తెరిచి కుడి పేజీలో ఎర్ర ఇంకుతో తప్పినవి రాయాలి: ఓటు ఎన్నికైన సభ్యులకే, నామినేటెడ్ సభ్యులకు లేదు, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభల్లో ఎన్నికైనవారికీ ఉంది, 54వ అధికరణ, నైష్పత్తిక ప్రాతినిధ్యం, ఏక ఓటు బదిలీ పద్ధతి. ఎడమ పేజీలో మూడు వాక్యాలు, కుడి పేజీ నిండా ఎరుపు. చూడగానే గుండె జారుతుంది. కానీ మార్కులు ఉండేది ఆ ఎరుపులోనే, మరుసటి రోజు చదవవలసింది ఆ ఎరుపునే. నాలుగు రోజుల తర్వాత మళ్లీ కొత్త ఎడమ పేజీలో రాస్తే ఎరుపు సగానికి దిగుతుంది. మూడోసారికి రెండు ముక్కలు మిగులుతాయి. ఇందుకు ఒక్కోసారి ఇరవై నిమిషాలు చాలు. లాడ్జి కౌంటరులో అర్ధరాత్రి బస్సులు వచ్చే లోపు, డిపోలో డ్యూటీకి ముందు, పిల్లల ట్యూషన్ ముగిసే దాకా బయట అరుగు మీద కూర్చున్నప్పుడు దొరికే ముక్కలు ఇరవై నిమిషాలవే. పెద్దవారి గంటా నలభై నిమిషాలు ఒకేచోట దొరకవు, అయిదు ముక్కలుగా దొరుకుతాయి. ఈ పద్ధతి ఆ ముక్కలకు సరిగ్గా సరిపోతుంది.

చేతి సంగతి ఎవరూ చెప్పరు. పదిహేనేళ్లుగా సంతకం తప్ప ఏమీ రాయని చేయి ఒక్కసారిగా మూడు గంటలు రాయలేదు. మొదటి నలభై నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టు బిగుసుకోవడం, పన్నెండో పేజీకి వచ్చేసరికి గీతల్లేని కాగితం మీద వరుసలు కిందికి జారడం. జవాబు తెలిసి కూడా చివరి ప్రశ్నకు అరపేజీతో సరిపెట్టుకున్నవారు ఎందరో. ఇరవై మార్కుల ప్రశ్నలు అయిదు రాయాలంటే ఒక్కోదానికి ముప్పై అయిదు నిమిషాలు పోగా మిగిలేది అయిదే నిమిషాలు. కాబట్టి చేతికీ సాధన కావాలి. పరీక్షకు మూడు నెలల ముందు రోజుకు పావుగంట, రెండు నెలల ముందు వారానికి రెండుసార్లు ముప్పై అయిదు నిమిషాలకు ఒక జవాబు, చివరి నెలలో కనీసం రెండు ఆదివారాలు పాత ప్రశ్నపత్రం పెట్టుకుని మూడు గంటలు లేవకుండా. గట్టిగా నొక్కి రాసే అలవాటు ఉంటే ఇంకు తేలిగ్గా జారే కలం వాడాలి. పాత ప్రశ్నపత్రాలు ఇగ్నో వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేపరువి ఆరు సెట్లు పక్కపక్కన పెడితే ఏ పాఠం నుంచి ఎంత బరువైన ప్రశ్నలు వస్తాయో తెలుస్తుంది. గైడు కొనేముందు చేయవలసిన పని ఇది.

అసైన్‌మెంట్ల దగ్గర జరిగేది చూస్తే కడుపు మండుతుంది. ఇగ్నో డిగ్రీ పేపర్లలో సాధారణంగా అసైన్‌మెంటుకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం బరువు. సొంత చేతిరాతతో రాసి ఇవ్వాలన్నది నియమం. రాసిపెట్టిన అసైన్‌మెంట్లు అమ్మేవారు ప్రతి ఊళ్లోనూ తయారయ్యారు. తీరిక లేని మనిషి అవి కొనడం వెనుక ఉన్న అలసటను అర్థం చేసుకోవచ్చు. కానీ ఇంటి దగ్గర, పుస్తకం ముందు పెట్టుకుని, గడియారం లేకుండా రాసే అవకాశం దొరికేది అక్కడే. ప్రశ్నను ఎలా విడదీయాలో, ఎన్ని పేజీలు రాయాలో, ఏది ముందు పెట్టాలో నేర్పేది ఆ పనే. దాన్ని కొన్నవారు పరీక్ష హాలులో జీవితంలో మొదటి జవాబు రాయడానికి కూర్చుంటారు. అమ్మేవారు ముప్పై శాతం ఇస్తున్నామని చెప్పి డెబ్బై శాతానికి కావలసిన సాధనను పట్టుకుపోతున్నారు.

భాష మరో అడ్డు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు పాఠానికి ఒకటిన్నర రెట్ల సమయం పట్టవచ్చు, కాబట్టి అలాంటి పేపరుకు ముప్పై గంటల లెక్కను నలభై అయిదుగా వేసుకోవాలి. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల ఉపన్యాసాలకు తెలుగు అనువాదాలు ఇచ్చింది. ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులో విని, సాంకేతిక పదాలను రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుంటే కొంత కాలం కలిసివస్తుంది.

ఇంట్లో వారి సహకారం గురించి అందరూ మాట్లాడతారు, ముఖ్యంగా ఆడవారి విషయంలో. సహకారం అంటే "చదువుకో" అని అనుమతించడం కాదు. ఫలానా గంట ఆమెది అని నిర్ణయించి, ఆ గంటలో పొయ్యి దగ్గరికి వేరొకరు వెళ్లడం. పదో తరగతి చదివే బిడ్డ ఉన్న ఇంట్లో తల్లీ బిడ్డా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరు పుస్తకం పట్టుకుని ఇంకొకరిని ప్రశ్నలు అడిగితే ఇద్దరికీ ఎరుపు పేజీ తగ్గుతుంది.

తేదీల సంగతి ముందే చూసుకోవాలి. డిసెంబరు పరీక్షకు అసైన్‌మెంట్లు ఇవ్వవలసిన గడువు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరులలో పడుతుంది. తిరుపతిలో అది బ్రహ్మోత్సవాల కాలం, కాబట్టి ఆ పని ఆగస్టులోనే ముగించాలి. డిసెంబరు పరీక్షలు నెలాఖరు దాకా సాగితే ఏకాదశి రద్దీ తగులుతుంది. హాల్‌టికెట్ వచ్చాక సెలవు అడిగితే దొరకదు, తేదీలు ప్రకటించిన రోజే తోటి ఉద్యోగితో షిఫ్టు మార్చుకోవాలి. తప్పిన పేపరును మళ్లీ రాసుకోవచ్చు, పాసైన పేపర్ల క్రెడిట్లు అలాగే ఉంటాయి కాబట్టి ఒక పేపరు వదులుకోవడం ప్రమాదం కాదు.

చిత్తూరు మామిడి పనిలో ఉన్నవారు జూన్‌ను పూర్తిగా వదులుకోవడమే మంచిది. నాలుగేసి క్రెడిట్ల లెక్కన 120 క్రెడిట్లంటే ముప్పై పేపర్లు. ఆరేళ్లూ డిసెంబరులోనే రాస్తే ఏటా అయిదు. గంటలు సరిపోతాయి, ఏడాదికి అవే ఆరువందలు. ఇబ్బంది ఒక్కటే: జనవరిలో చదివిన పాఠం పదకొండు నెలల తర్వాత గుర్తుండాలి. అందుకని కాపు ముగిసిన ఆగస్టు నుంచి నెలకొకసారి, జనవరి నుంచి మే దాకా నింపిన నోటు పుస్తకం తీసి, పాఠం చదవకుండా ముందుగా ఎడమ పేజీ రాసి చూడాలి. ఎరుపు మళ్లీ ఎక్కడ పెరిగిందో ఆ పాఠానికే గంటలు ఇవ్వాలి.